‘మెత్తగా జారిపోయేవి తినండి’ అన్నది నేనే

బరువు తగ్గే ఆపరేషన్ రెండు గంటల పని. ఆ రెండు గంటలూ డాక్టరుగారివి. డిశ్చార్జి అయి ఇంటికెళ్ళాక మిగిలిన జీవితమంతా పేషెంటుది. అలా ఇంటికెళ్ళిన మనిషిని చెయ్యి జారిపోకుండా పట్టుకునే ఉద్యోగం నాది. పదకొండేళ్ళు చేశాను. బాగా చేశాను. ఈ మాట ఇంకొకరు అంటే బావుంటుందని తెలుసు. కానీ రిటైరైన నర్సును పొగడడానికి ఎవరు ఖాళీగా ఉన్నారు కనుక? అందుకే నేనే అనేసుకుంటున్నాను.

నా పేరు సుగుణ. మాది అవనిగడ్డ దగ్గర చిన్న పల్లె. అమ్మా నాన్నా పొలం పనులకు వెళ్తూ నన్ను చర్చి హాస్టల్లో ఉంచి నర్సింగ్ చదివించారు. బందరులో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ అందరికీ సుగుణ సిస్టర్నే. వార్డు డ్యూటీలు చేసీ చేసీ నడుము పడిపోయే వేళకు, మా డాక్టరుగారు పిలిచి ఈ పని అప్పగించారు. ఆయన విజయవాడలో ఆపరేషన్లు చేసేవారు. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, అరటికాయంత గొట్టం మిగిల్చి పంపేవారు. బందరు, గుడివాడ, దివిసీమ వైపు వాళ్ళందరినీ ఆ తర్వాత చూసుకోవడం నా వంతు.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఫోన్ చేసి, ‘పేషెంట్లకి మోటివేషన్ ఎలా ఇవ్వాలి మేడమ్’ అని అడుగుతున్నారు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. ముందే చెప్తున్నాను, నేనెవరికీ మోటివేషన్ ఇవ్వలేదు. మొదటి ఏడాది అది ఇవ్వక్కర్లేదు కూడా. జాకెట్లు వదులైపోతాయి, పెళ్ళిళ్ళలో చుట్టాలు గుర్తుపట్టరు, ఆ ఊపే చాలు. రెండో ఏడు బరువు మిషను ముల్లు ఆగిపోతుంది. తర్వాత ఒక్కో కిలో వెనక్కొస్తుంది. పొగిడే నోళ్ళు కూడా మూతపడతాయి. మన అసలు ఉద్యోగం అక్కడ మొదలవుతుంది.

చేతుల్లేని కుర్చీలు

ప్రతి నెలా మొదటి శనివారం పేషెంట్లందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని డాక్టరుగారి ఆలోచన. మంచి ఆలోచనే. మొదటిసారి ఒక మేడ మీది హాలు దొరికింది. మోకాళ్ళు అరిగిన ఇరవైమందిని మెట్లెక్కించిన మహా తెలివిగలదాన్ని నేను. ఆ రోజు పడ్డ తిట్లు నా సర్వీసులో మళ్ళీ పడలేదు. తర్వాత మా చర్చి పక్కనున్న సండే స్కూలు గది అడిగి తీసుకున్నాను. కింద గది, గాలి బాగా వస్తుంది. కుర్చీలు మాత్రం చేతుల్లేనివి వెతికి తెప్పించాను. లావుగా ఉన్న మనిషి చేతుల కుర్చీలో ఇరుక్కుని లేవలేకపోతే, ఆ సిగ్గుతో మళ్ళీ మన గడప తొక్కడు. పుస్తకాల్లో ఇది రాయరు, మీరు రాసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్ళను నేను ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ‘ఎందుకు చేయించుకున్నారు?’ వాళ్ళు ఏమంటే అది నోట్సులో రాసుకునేదాన్ని. గుడివాడ టీచరుగారు ఒకావిడ, చీర కుచ్చిళ్ళు తనే సర్దుకోవాలని చెప్పారు. ఆవిడ ఆపరేషన్ సంగతి దాచి, వాకింగుతోనే తగ్గానని స్టాఫ్ రూములో చెప్పుకున్నారట. పాపం, తోటి టీచర్లు ఆవిడ వెంటపడి నెలల తరబడి నడిచీ నడిచీ, చెప్పులు అరగ్గొట్టుకుని, చివరికి ఆవిడతో మాటలు మానేశారు.

నాగాయలంక నుంచి నాగమణి అని ఒకామె వచ్చేది. వాళ్ళకు రొయ్యల చెరువుంది. ఆమెకు జుట్టు ఊడిపోతుంటే, మాంసకృత్తులు అందడం లేదేమోనని, ఏం తింటున్నావని అడిగాను. పెరుగన్నం, పచ్చడి అంది.

“చెరువు నిండా రొయ్యలు పెట్టుకుని పచ్చడేంటే?” అన్నాను.

“అవి లారీ ఎక్కేవండీ, తినేవా?” అని నన్నే వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

ఆమె చేత రోజూ ఓ గుప్పెడు రొయ్యలు తినిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది. చెరువు గట్టు చుట్టూ ఆయాసం లేకుండా తిరిగి రావాలన్నది ఆమె కోరిక. ఆమె నోటికి అదుపు లేదు, మనసుకు కల్మషం లేదు. ఈ కథ చివర్లో ఆమె మళ్ళీ వస్తుంది.

ఇక మస్తాన్ గారు. బందరులో హల్వా చేసే కుటుంబం. తండ్రి కళాయే ఆయనకు వచ్చింది. ఆపరేషన్ నాటికి నూట నలభై రెండు కిలోలు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. నా ప్రశ్నకు ఆయన ఒక్క మాటే చెప్పారు.

“కళాయి ముందు నిలబడాలమ్మా. రెండేళ్ళయింది తెడ్డు పట్టి. కుర్చీలో కూర్చుని చెప్పేవాణ్ణి హల్వా చేసేవాడంటారా ఎవరైనా?”

బందరు హల్వా గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. నానబెట్టిన గోధుమలు రుబ్బి పాలు తీసి, బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ నాలుగు గంటలు ఆపకుండా తిప్పాలి. ఆపితే అడుగంటుతుంది. ఆ నాలుగు గంటలు నిలబడడమే ఆయన కోరిక. అది కూడా నోట్సులో రాసుకున్నాను. రాసుకుని మర్చిపోయాను.

ఈ నెల హీరో

మా డాక్టరుగారి చెయ్యి బంగారం. ఆయన కుట్టిన కుట్టు విప్పాల్సిన అవసరం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆయనకు అంకెల పిచ్చి. సమావేశంలో గోడకు తెల్లబోర్డు పెట్టించి, దాని మీద ‘ఈ నెల హీరో’ అని రాయించారు. ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్ళ పేరు పైన. అందరిచేతా చప్పట్లు. అందరి ముందూ బరువు చూసి, గట్టిగా చదివేదాన్ని నేనే. అప్పట్లో నాకూ సరదాగానే ఉండేది.

మొదటి ఏడాది మస్తాన్ గారి పేరు ఐదుసార్లు పైన ఉంది. నూట నలభై రెండు నుంచి తొంభై ఏడుకు దిగారు. ఎనిమిదో నెలకే కళాయి దగ్గరికి వెళ్ళారు. తెడ్డు పట్టుకున్న ఫోటో ఆయన భార్య ఖాజాబీ నా ఫోనుకు పంపింది. ఆ ఫోటో డాక్టరుగారికి చూపించి, మన పనే అని మురిసిపోయాను. అంకె దిగుతున్నంత కాలం, ఏం తింటున్నారు అని మేమెవరమూ ఆయన్ని అడగలేదు. తగ్గేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో ఏడాది తొంభై ఏడు తొంభై తొమ్మిదయింది. నేను చదివాను, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత నెల నూట మూడు. డాక్టరుగారు నవ్వుతూనే, “ఏం మస్తాన్ గారూ, విల్‌పవర్ ఏమైపోయింది?” అన్నారు. మస్తాన్ గారు కూడా నవ్వారు. మళ్ళీ రాలేదు.

ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. ఫోన్ చేస్తే పెళ్ళి ఆర్డరుందనేవారు. మనసులో నేనూ డాక్టరుగారి మాటే అనుకున్నాను. స్వీటు కొట్టువాడు కదా, నోరు కట్టుకోలేకపోయాడు అనుకున్నాను. ఇంత సర్వీసున్న నర్సునై ఉండి, ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడక్కుండానే తీర్పు చెప్పేశాను.

పొయ్యి పైన కాగితం

ఒకరోజు నోట్సు తిరగేస్తుంటే ‘కళాయి ముందు నిలబడాలి’ అన్న మాట కనిపించింది. మర్నాడు ఉదయమే ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

పెరట్లో రేకుల షెడ్డు కింద పొయ్యి. ఆయన బావమరిది తెడ్డు తిప్పుతున్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మస్తాన్ గారు. నన్ను చూసి లేవబోయారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి రెండుసార్లు ప్రయత్నించారు, లేవలేకపోయారు.

“కూర్చోండి, కూర్చోండి,” అన్నాను.

“తిట్టడానికొచ్చారా అమ్మా?”

“తిట్టేదాన్నయితే ఫోన్లోనే తిడుదునుగా. దానికి ఆటో ఎందుకండీ?”

ఖాజాబీ టీ గ్లాసు పట్టుకొచ్చింది. “తిట్టండి సిస్టరమ్మా. నా మాటంటే లెక్కే లేదు. అంత కోత కోయించుకుని వచ్చి మళ్ళీ తిండి యావ. మా వాళ్ళందరి ముందూ తలెత్తుకోలేకపోతున్నాను,” అంది. సంచిలోంచి బరువు మిషను తీసి నేల మీద పెట్టి, ఆమె సాయంతో ఆయన్ని దాని మీద నిలబెట్టాను.

బరువు చూశాను. నూట పన్నెండు. షుగరు బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయట. నేను చాలాసార్లు విన్న జవాబే వస్తుందనుకుంటూ అడిగాను, “ఏం తింటున్నారండీ?”

“మీరు చెప్పినవేనమ్మా. ఒక్కరోజు తప్పలేదు.”

అందరూ అదే అంటారు. నా మొహంలో అది కనిపించిందేమో, ఆయన చెయ్యెత్తి గోడ చూపించారు. పొయ్యికి పైన, పొగ పట్టి నెయ్యి మరకలతో ఒక కాగితం అంటించి ఉంది. చేతిరాత నాది.

‘మెత్తనివి తినండి. నమలక్కర్లేకుండా జారిపోయేవి తినండి. కొద్దికొద్దిగా తినండి. రోజుకు ఆరుసార్లు తినండి. ఇట్లు, మీ సుగుణ సిస్టర్.’

“పొద్దున్నే ఏం తిన్నారు?”

“జావ.”

“ఆ తర్వాత?”

ఆయన కళాయి వైపు చూశారు. “రుచి చూస్తాను. పాకం పట్టినప్పుడో గరిటెడు, నెయ్యి పోసేటప్పుడో గరిటెడు, దించాక ఇంకోటి. రోజుకు రెండు కళాయిలమ్మా.”

మూడు రెళ్ళు ఆరు. రోజుకు ఆరుసార్లు. మెత్తగా, కొద్దికొద్దిగా, నమలక్కర్లేకుండా జారిపోయేది.

“మరి కోడిగుడ్డు, చేప?”

“అవి నమలాలిగా. మీరు రాసిందాంట్లో లేవుగా అమ్మా.”

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చే డైటు షీట్లు ఇంగ్లీషులో ఉంటాయి. మనవాళ్ళు చదవలేరని, మొదటి నెల షీటు నేనే తెలుగులో, నాలుగు ముక్కల్లో రాసి జిరాక్సులు తీయించాను. దాన్ని చూసుకుని గర్వపడేదాన్ని కూడా. అది మొదటి నెలకు మాత్రమే అన్న ఒక్క ముక్క అందులో రాయలేదు. రెండో నెల షీటు తెలుగులో రాయడం రేపు మాపు అంటూ వాయిదా వేశాను. ఆయనకు ఇంగ్లీషుదే ఇచ్చాం. దాన్ని ఆయన భద్రంగా మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. తెలుగుది గోడకు అంటించి, రెండేళ్ళుగా పాటిస్తున్నారు. కళాయి దగ్గరికి రాకముందు మెత్తనిదంటే జావ, పెరుగన్నం. వచ్చాక మెత్తనిది చేతిలోనే ఉంది.

సర్వీసులో చాలా తప్పులు చేశాను. కొన్ని దాచుకున్నాను కూడా. ఇది దాచుకోవాలనిపించలేదు.

“మస్తాన్ గారూ, ఈ కాగితం మొదటి నెలకేనండీ. ఆ సంగతి రాయకపోవడం నా తప్పు. మీరు చేసిన తప్పేమీ లేదు. నన్ను క్షమించండి,” అన్నాను.

బావమరిది తెడ్డు తిప్పుతూనే మా వైపు చూశాడు. ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెమ్మదిగా అడిగింది, “అంటే, ఈయన తిండిపోతు కాదా అమ్మా?”

“కాదమ్మా. నా పేషెంట్లలో ఇంత మాట వినే మనిషిని నేను చూడలేదు.”

మస్తాన్ గారు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. “పొయ్యి సెగ,” అన్నారు. నాకూ సెగే తగిలింది.

రంజాన్ కళాయి

కొత్త కాగితం అక్కడే కూర్చుని రాశాను. ముందు గుడ్డో, చేపో, పప్పో, బాగా నమిలి. అన్నం ఆ తర్వాత, చోటుంటే. తింటూ నీళ్ళు తాగకూడదు. జావలు, తీపి బంద్. ఈసారి పైన తేదీ వేశాను, ‘మళ్ళీ నేను మార్చేదాకా’ అని కూడా రాశాను.

ఆయన అంతా చదివారు. ‘తీపి బంద్’ దగ్గర ఆగిపోయారు. “తీపి బందంటే రుచి ఎట్టా చూడనమ్మా? పాకం నాలుక్కే తెలిసేది. నాన్న నేర్పింది అదే. నాలుక కట్టేసుకుంటే ఇక నేను కళాయి ముందు నిలబడి ఏం లాభం?”

పొట్ట సంగతి నాకు తెలుసు, పాకం సంగతి నాకేం తెలుసు? ఇలాంటప్పుడు నోరు మూసుకోవడం కూడా మన ఉద్యోగంలో భాగమే. తోచింది కదాని ఏదో ఒకటి చెప్పేస్తే ఇంకో కాగితం గోడకెక్కుతుంది.

జవాబు ఖాజాబీ చెప్పింది. “ఏమండీ, రంజాన్ నెలలో ఎవరు చూస్తున్నారు రుచి? మీ నాన్నగారు రోజా ఉండి నెలంతా కళాయి దించలేదా? ఒక్క చుక్కయినా నోట పెట్టారా?”

ఆయన కళాయి వైపు తిరిగారు. నిజమే. ఉపవాసంలో ఉన్నవాళ్ళు పగలంతా హల్వా చేస్తారు, పండక్కి అమ్ముతారు, ఎవరూ రుచి చూడరు. పాకం వేళ్ళ మధ్య సాగే తీరు, కళాయి అంచు వదిలే తీరు, నెయ్యి పైకి తేలే తీరు, వీటిని బట్టే దించుతారు. ఆయన కుర్చీలోంచే బావమరిదికి చెప్పారు, “ఆగు, అంచు వదల్లేదింకా.” ఆ మాట నాలుకతో చూసి చెప్పింది కాదు. చెప్పాక అది ఆయనకే తెలిసినట్టుంది, చిన్నగా నవ్వారు.

“ఆపరేషనయ్యాక నన్ను రోజా వద్దన్నారు డాక్టరుగారు,” అన్నారు.

“మిమ్మల్ని పస్తుండమనడం లేదండీ. వేళకు తినండి, నమిలి తినండి. కళాయి ఒక్కటే రోజా ఉంటుంది.”

ఈ ఉపాయం ఏ డైటీషియన్ పుస్తకంలోనూ లేదు. నాకు తట్టింది కూడా కాదు. నేను చేసిందల్లా వాళ్ళింటికి వెళ్ళి, తప్పు ఒప్పుకుని, టీ చల్లారేదాకా కూర్చోవడమే.

బోర్డు తుడిచిన రోజు

ఆ శనివారం సమావేశానికి ముందు డాక్టరుగారికి కాగితం సంగతంతా చెప్పాను. ఆయన బోర్డు వైపు చూశారు. దాన్ని నేను అప్పటికే తుడిచేశాను.

“మరి బోర్డు ఎందుకు తుడిచేశారు సిస్టర్? నంబర్లు లేకపోతే ఎవరెట్లా ఉన్నారో ఎలా తెలుస్తుంది?”

“నంబరు ఫైల్లో ఉంటుంది సార్. చాటుగా చూస్తాను, మీకు చూపిస్తాను. గోడ మీద పెడితే, పెరిగినవాళ్ళు గోడ అవతలే ఉండిపోతున్నారు. మనకు కావాల్సింది వాళ్ళే కదండీ.”

“చప్పట్లు కొడితే జనానికి ఊపొస్తుందమ్మా.”

“కొడదాం సార్. కిలోలకు కాదు.”

ఆయన నా మాట ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆరు నెలలు చూద్దామన్నారు. మంచి బాసు అంటే మన మాట వినేవాడు కాదు, మనకు ఆరు నెలలు ఇచ్చేవాడు. ఆయన నుంచి నేను నేర్చుకున్నది ఇది. విల్‌పవర్ అన్న మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

అప్పటి నుంచి నోట్సు నా ఒళ్ళో పెట్టుకుని, ఎవరు ఎందుకు వచ్చారో చూసి అదే అడిగేదాన్ని. టీచరుగారిని కుచ్చిళ్ళ గురించి, నాగమణిని గట్టు గురించి. రెండో నెల షీటు, మూడో నెల షీటు, ఏడాది షీటు అన్నీ తెలుగులో రాశాను. ప్రతి దానిమీదా ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని పెద్ద అక్షరాలతో రాశాను. రాసినవి ముందు ఖాజాబీకి ఇచ్చి చదివించేదాన్ని. ఆమెకు అర్థం కానిది కొట్టేసేదాన్ని. మానేసిన పేషెంట్లలో చాలామంది ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వాళ్ళ ఇళ్ళకు బస్సుల్లో, ఆటోల్లో తిరిగింది నేనే. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించేది ఆ తిరుగుడే.

మస్తాన్ గారు కూడా వచ్చారు. వెనక వరసలో కూర్చునేవారు. మొదటి నెల, తెడ్డు పట్టి పది నిమిషాలు నిలబడ్డానన్నారు. తర్వాత అరగంట. ఒక నెల మోకాలు వాచి అసలు నిలబడలేదన్నారు, ఆ నెల కూడా వచ్చి ఆ మాట చెప్పి వెళ్ళారు. ఆ నెల వచ్చినందుకే నాకు ఎక్కువ సంతోషమనిపించింది. ఊపున్నప్పుడు ఎవరైనా వస్తారు.

నా చివరి శనివారం

రిటైరయ్యే నెల చివరి సమావేశం పెట్టాను. డాక్టరుగారు శాలువా తెచ్చారు. నాగమణి నాగాయలంక నుంచి రెండు బస్సులు మారి, ఐసు డబ్బాలో రొయ్యలు పట్టుకొచ్చింది. “ఇవి లారీ ఎక్కలేదండీ, మీకోసం బస్సెక్కాయి,” అంది.

మస్తాన్ గారూ ఖాజాబీ ఆలస్యంగా వచ్చారు. ఆయన చేతిలో స్టీలు డబ్బా. ఆ రోజు ఆయన వెనక వరసకు వెళ్ళలేదు, తిన్నగా ముందుకొచ్చి నా ముందు నిలబడ్డారు. అంతకుముందే లోపలి గదిలో బరువు చూశాను. నూట మూడు. ఐదుసార్లు హీరోగా ఉన్నప్పటి తొంభై ఏడు కాదు. ఆ అంకె నాకూ, ఆయనకూ, ఫైలుకూ తప్ప ఎవరికీ తెలియదు. గదిలో ఎవరూ అడగలేదు.

నాగమణి మాత్రం ఊరుకుంటుందా? వెనక నుంచి కేకేసింది, “బాబాయ్, ఎంతసేపు నిలబడ్డారేంటి?”

“నాలుగు గంటలు,” అన్నారు మస్తాన్ గారు. “పొద్దున. మొదటి నుంచి దించేదాకా. తెడ్డు ఎవరికీ ఇవ్వలేదు.”

ముందు చప్పట్లు కొట్టింది డాక్టరుగారు. తర్వాత గది గదంతా కొట్టింది. అంతమంది కొట్టిన చప్పట్లు ఆ బోర్డు ఉన్న రోజుల్లో నేనెప్పుడూ వినలేదు. ఖాజాబీ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చింది. తలెత్తుకునే ఏడ్చింది.

ఆయన డబ్బా మూత తీసి నా ముందు పెట్టారు. నల్లగా, నిగనిగలాడుతూ హల్వా.

“నేను నోట పెట్టలేదమ్మా. కుదిరిందో లేదో మీరే చెప్పాలి,” అన్నారు.

ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నమలాల్సిన పనే లేకపోయింది, మెత్తగా జారిపోయింది. అచ్చం నేను రాసిచ్చినట్టే ఉంది.